గ్రాంటు ప్రొఫెసర్‌ది, ప్రశ్న మీది

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక పల్లె. నా వయసు 35. అమెరికా తూర్పు తీరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేరి నాలుగేళ్ళ మూడు నెలలైంది. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవాలని మూత్రపిండాల్లోని సన్నని నాళికల కణాల మీద పనిచేస్తున్నాను. మా పెద్దమామయ్య ఆ జబ్బుతోనే పోయారు. మా ప్రొఫెసర్‌కు ఉన్న ఎన్‌ఐహెచ్‌ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంటు వచ్చే మార్చితో ముగుస్తుంది. కొనసాగింపు కోసం పెట్టిన దరఖాస్తుకు మంచి స్కోరు వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. విశాఖలో మాకోసం రోగుల మూత్ర నమూనాలు సేకరించే బృందానికి మా గ్రాంటు నుంచి వెళ్ళే వాటా ఆగిపోయింది. నాది హెచ్‌1బీ వీసా. మావారు ఐటీలో ఉన్నారు, ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం అయింది. రెండేళ్ళ పాప ఉంది. నాలుగేళ్ళు దాటాయి కాబట్టి కె99 (పోస్ట్‌డాక్‌ నుంచి సొంత ప్రయోగశాలకు మారేందుకు ఎన్‌ఐహెచ్‌ ఇచ్చే గ్రాంటు) అవకాశం కూడా పోయింది. నాన్నగారు ‘వచ్చెయ్యమ్మా’ అంటున్నారు. ఆరు నెలలు హైదరాబాద్‌ వచ్చి ప్రయత్నించి, కుదరకపోతే తిరిగి వెళ్ళవచ్చా? కంపెనీలో చేరితే సైన్సు వదిలేసినట్టేనా? (ఉత్తరాన్ని కుదించాం. పేరు వద్దన్నారు.)

సమాధానం:

అమ్మా,

మీరు పంపిన అసలు ఉత్తరం నాలుగు పేజీలు. అందులో ఎన్‌ఐహెచ్‌ అన్న మాట పంతొమ్మిది సార్లు వచ్చింది, ఉద్దానం రెండే సార్లు. పనిలేక లెక్కపెట్టలేదు. 2025 మొదలు అమెరికా ప్రయోగశాలల నుంచి నాకు వస్తున్న ఉత్తరాలన్నీ ఇలాగే ఉంటున్నాయి. రాసినవారు దేని మీద పనిచేస్తున్నారో వెతుక్కోవలసి వస్తోంది.

నేను 1998లో అక్కడికి వెళ్ళాను. ఎన్‌ఐహెచ్‌ బడ్జెట్‌ను ఐదేళ్ళలో రెట్టింపు చేయాలని అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌ పూనుకున్నది సరిగ్గా అప్పుడే. సుమారు 1,360 కోట్ల డాలర్లు ఉన్నది 2003 నాటికి 2,700 కోట్లకు చేరింది. విశ్వవిద్యాలయాలు పోటీపడి భవనాలు కట్టాయి, మనుషులను తీసుకున్నాయి. 2003 తర్వాత బడ్జెట్‌ పెద్దగా కదలలేదు. కొత్త భవనాల్లో చేరినవాళ్ళు మాత్రం గ్రాంట్ల కోసం బారులు తీరారు. 2013లో ఐదు శాతం కోత కూడా పడింది. అక్కడి సైన్సు కాలువ కింద భూమి అని మనం అనుకున్నామే కానీ, అది ఎప్పుడూ వానాధారమే. కాకపోతే అప్పట్లో వాన తక్కువ పడేది. ఇప్పుడు పైరు నిలబడి ఉండగానే గట్లు జరుపుతున్నారు.

మీకు తెలిసిన సంగతులే అయినా, మీ నాన్నగారి కోసం, ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం కొంచెం చెబుతాను. 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం ఎన్‌ఐహెచ్‌ ఒక ప్రకటన చేసింది. పరిశోధనకు 100 డాలర్లు ఇస్తే, ఎలుకల గదికి కరెంటు, ప్రమాదకరమైన వ్యర్థాల తొలగింపు, లెక్కలు రాసే సిబ్బంది వంటి వాటి కోసం విశ్వవిద్యాలయానికి విడిగా కొంత ముడుతుంది. కొన్ని పెద్ద సంస్థలకు అది 60 డాలర్ల పైమాటే. ఇక మీదట ఎవరికైనా 15 చాలన్నారు. అదీ సోమవారం నుంచే అన్నారు. కోర్టు అడ్డుకుంది. మరోవైపు నడుస్తున్న గ్రాంట్లను వందల సంఖ్యలో రద్దు చేశారు. ఆ తగాదా సుప్రీంకోర్టుకు వెళితే, 2025 ఆగస్టులో 5–4 మెజారిటీతో రద్దులను ప్రస్తుతానికి సాగనిచ్చింది. 2026కు మొత్తం బడ్జెట్‌లో 40 శాతం దాకా కోసి, 27 సంస్థలను, కేంద్రాలను ఎనిమిదికి కుదిస్తామని అధ్యక్షుడి ప్రతిపాదన వచ్చింది. దానికి కాంగ్రెస్‌ ఒప్పుకోలేదు.

మరి కుండలో అన్నం అంతే ఉంటే మీ ప్రొఫెసర్‌ విస్తరి ఎందుకు ఖాళీగా ఉంది? కాగితం మీద బడ్జెట్‌ చూసేవాళ్ళకు అందని మెలిక ఇక్కడ ఉంది. ఐదేళ్ళ గ్రాంటుకు ఏటా ఒక వాయిదా చొప్పున ఆ ఏటి బడ్జెట్‌లోంచి ఇచ్చేవారు. 2025 నుంచి చాలా గ్రాంట్లకు ఐదేళ్ళ సొమ్మునూ మొదటి ఏడాది ఖాతాలోనే రాస్తున్నారు. అరవై నెలల అద్దె ముందే కట్టమంటే అదే జీతంతో ఎన్ని ఇళ్ళు తీసుకోగలం? ఎన్‌ఐహెచ్‌లోని క్యాన్సర్‌ సంస్థలో 2024లో పదో పర్సెంటైల్‌ వరకు వచ్చిన దరఖాస్తులకు డబ్బు దక్కింది (ఇక్కడ అంకె ఎంత చిన్నదైతే దరఖాస్తు అంత మేలు). 2025లో ఆ గీత నాలుగుకు జారింది. మీ రంగం క్యాన్సర్‌ కాదు, గీత వేరేచోట ఉంటుంది. అయినా ‘మంచి స్కోరు వచ్చింది, డబ్బు రాలేదు’ అన్నారే, దానికి అర్థం ఇదే. అందులో మీ ప్రొఫెసర్‌ చేతకానితనం లేదు, మీ ఫలితాల్లో లోపమూ లేదు.

ఇక మీ సంగతి. ఈ వారంలో చేయవలసిన పని ఒకటుంది. మీ ప్రొఫెసర్‌ గదికి వెళ్ళి, ‘నా జీతం ఏ తేదీ వరకు ఉంది?’ అని అడగండి. గ్రాంటు మార్చితో ముగుస్తుందని రాశారు కానీ, జీతం ఎప్పుడు ఆగుతుందో ఎక్కడా రాయలేదు. ఈ రెండూ ఒకటి కాదు. మిగులు ఉంటే అదనపు సొమ్ము లేకుండా గడువు పెంచమని అడగవచ్చు. గ్రాంటుకూ గ్రాంటుకూ మధ్య ఆదుకోవడానికి చాలా విశ్వవిద్యాలయాల్లో కొంత నిధి ఉంటుంది. లేదా ఆయన ఇప్పటికే మనసులో మీ పేరు కొట్టేసి, చెప్పలేక నలుగుతూ ఉండవచ్చు. మనవాళ్ళకు గురువు దగ్గర డబ్బు ఊసెత్తాలంటే నోరు పెగలదు. నాకూ పెగలలేదు. 2003 చివర్లో నా జీతం ఆగిపోతోందని మూడు వారాల ముందు తెలిసింది. అదీ మా ప్రొఫెసర్‌ చెప్పలేదు. జీతాల విభాగంలో ఒక గుమస్తా, నేను బస్సు పాసు రాయితీ కాగితం మీద సంతకం కోసం వెళితే, ‘మీకు జనవరి పాసు అవసరం లేదు కదా’ అంది. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. అడిగి ఉంటే సెప్టెంబరులోనే తెలిసేది.

తేదీ తెలిశాక వీసా లెక్క. హెచ్‌1బీ ఉద్యోగం ఆగితే 60 రోజుల గడువు ఉంటుంది. మీవారి ఐ-140 ఆమోదమైంది కాబట్టి మీరు హెచ్‌-4కు, అంటే ఆయన వీసా మీద ఆధారపడే వీసాకు మారి, పని అనుమతి పత్రం తీసుకోవచ్చు. ఆ పత్రంతో పోస్ట్‌డాక్‌ చేయవచ్చు, కంపెనీలోనూ చేయవచ్చు. మీ కోసం ఎవరూ వీసా దరఖాస్తు పెట్టనక్కర లేదు. డబ్బుకు కటకటగా ఉన్న కొత్త ప్రొఫెసర్‌కు అది పెద్ద ఊరట. పత్రం చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు, అందుకే మార్చి దాకా ఆగవద్దు. మీ ఇద్దరి కాగితాలూ తీసుకుని ఒక ఇమిగ్రేషన్‌ న్యాయవాదికి చూపించండి, వాట్సాప్‌ బృందాలకు కాదు. ఉత్తరంలో ‘భర్త వీసా మీదకు మారడం చిన్నతనంగా ఉంది’ అని రాశారు. పదేళ్ళు ఎలుకలతో, మైక్రోస్కోపుతో గడిపిన మనిషిని ఒక వీసా అక్షరం చిన్నదాన్ని చేస్తుందా? మీవారి ప్రాజెక్టు పోతే ఆయన మీ వీసా మీదకు మారరా?

‘ఆరు నెలలు వచ్చి చూసి తిరిగి వెళతాను’ అన్న ఆలోచన పదేళ్ళ క్రితం అయితే నేనే చెప్పేదాన్ని. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. విశ్వవిద్యాలయాలకు హెచ్‌1బీ లాటరీ బెడద లేదు కానీ, ఈ రుసుము నుంచి వాటికి మినహాయింపు ఇవ్వలేదు. పోస్ట్‌డాక్‌ కోసం అంత కట్టే ప్రయోగశాలను నేను చూడలేదు. మీకు హెచ్‌-4 దారి ఉంది కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోదు, కానీ వచ్చేముందు ఏ కాగితం మీద తిరిగి వెళతారో తేల్చుకుని రండి.

కె99 పోయిందని రాసిన వాక్యం దగ్గర నేను కుర్చీలో ముందుకు వంగాను. పోలేదమ్మా! పోస్ట్‌డాక్‌ అనుభవం నాలుగేళ్ళకు మించకూడదన్న నియమం నిజమే. కానీ ఆ నాలుగేళ్ళ లోపల బిడ్డ పుడితే ఒక ఏడాది పొడిగింపు అడగవచ్చు. మీ పాపకు రెండేళ్ళు. లెక్క చూసుకోండి. పొడిగింపును దరఖాస్తు పెట్టకముందే, వీలైనంత ముందుగా అడగాలి. ఎన్‌ఐహెచ్‌లో కిడ్నీ జబ్బులు చూసే సంస్థలో మీ అంశానికి సంబంధించిన ప్రోగ్రామ్‌ అధికారికి నాలుగు వరుసల మెయిల్‌ పెట్టండి: పాప పుట్టిన తేదీ, పోస్ట్‌డాక్‌లో చేరిన తేదీ, పరిశోధన అంశం, ఏ గడువుకు పెట్టాలనుకుంటున్నారో. కొత్త దరఖాస్తులకు ఏటా ఫిబ్రవరి 12, జూన్‌ 12, అక్టోబరు 12 గడువులు. పౌరసత్వం, గ్రీన్‌కార్డు అవసరం లేని కొద్ది శిక్షణ గ్రాంట్లలో ఇది ఒకటి. మొదటి రెండేళ్ళ వరకు పాత ప్రయోగశాలలో, తర్వాత మూడేళ్ళ వరకు సొంత ప్రయోగశాలలో ఖర్చు పెట్టుకోవచ్చు. రెండో దశలో ఏడాదికి 2,49,000 డాలర్ల దాకా వస్తుంది. కొత్తగా ఒక అధ్యాపకురాలిని తీసుకోవాలా వద్దా అని తటపటాయించే విభాగం ముందు ఆ సొమ్ము పట్టుకుని నిలబడటం వేరు. ఒక్క జాగ్రత్త: ఏఐ చేత రాయించకండి. అలా చాలావరకు యంత్రం తయారు చేసిన దరఖాస్తులను 2025 సెప్టెంబరు 25 నుంచి ఎన్‌ఐహెచ్‌ ఒప్పుకోవడం లేదు.

వస్తుందని నేను హామీ ఇవ్వను. రాకపోయినా ఆ దరఖాస్తు మొదటి పేజీ రాయడంలో ఒక పని జరుగుతుంది. ‘మా ప్రొఫెసర్‌ పనిలో నా భాగం’ అని కాక ‘నా ప్రశ్న’ అని రాయవలసి వస్తుంది. మీ ఉత్తరంలో నాకు కనిపించని పేజీ అదే.

మీ ప్రశ్న ఎలాంటిదో మీకు గుర్తు చేయాలా? చక్కెర జబ్బు లేదు, రక్తపోటు లేదు, పొలం పని చేసుకునే నడివయసు మనిషికి కిడ్నీ పాడవుతుంది. నీళ్ళన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు. తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇలాంటి జబ్బు శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఉంది. ఎన్‌ఐహెచ్‌ ఉన్నా లేకపోయినా ఆ ప్రశ్న ఉంటుంది. దాన్ని కవిటి, కంచిలి యాసలో అడగగలిగినవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు చెప్పండి? మీ దగ్గర ఉన్న అసలు ఆస్తి అదీ, ఆ విశాఖ నమూనాలూ.

అందుకే వెనక్కి రావడాన్ని నేను కాదనను. కానీ ఎందుకు వస్తున్నారన్నది ముఖ్యం. అక్కడ డబ్బు ఆగిందని ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు. అక్కడిది వానాధారం అన్నాను కదా, ఇక్కడిది చెరువు కింద భూమి. నీళ్ళుంటాయి, తూము తెరిచేవాడు రావాలి. నేను 2004లో తిరిగి వచ్చి ఒక ప్రభుత్వ సంస్థలో చేరాను. పాత ప్రయోగశాల నుంచి గడ్డకట్టిన కణాలు తెప్పించుకున్నాను. ఆరేళ్ళ శ్రమ అంతా నలభై చిన్న ప్లాస్టిక్‌ గొట్టాల్లో ఉంది. ఒక ధ్రువపత్రం మీద ముద్ర ఉంది, ముద్ర కింద తేదీ లేదని పెట్టె దిగుమతి షెడ్డులో తొమ్మిది రోజులు ఉండిపోయింది. అది జూన్‌ నెల. థర్మోకోల్‌ పెట్టె మూత తీస్తే పొడి మంచు ఒక్క పలుకు కూడా లేదు. గొట్టాలు చేతికి గోరువెచ్చగా తగిలాయి. ఆ తర్వాత ఒక గ్రాంటు రెండో ఏడాది సొమ్ము పదకొండు నెలలు ఆలస్యమైంది. యూసీలో, అంటే ఖర్చు లెక్క చూపే ధ్రువపత్రంలో, ఒక అంకె తేడా అన్నారు. ఆ పదకొండు నెలలూ నా విద్యార్థి ఒకడు మెస్‌ బకాయి కట్టలేక మధ్యాహ్నం పూట ప్రయోగాలు ఉన్నాయని భోజనానికి వెళ్ళేవాడు కాదు. ప్రయోగాలు లేవని నాకు చాలా రోజులకు తెలిసింది.

విధానాల కుదుపు ఇక్కడ తక్కువా అంటే అదీ కాదు. 2024 జూలై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాల మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి ఏకంగా 150 శాతమైంది. శాస్త్రవేత్తలు మొత్తుకుంటే కొద్దిరోజుల్లోనే పరిశోధన అవసరాలకు మళ్ళీ పాత రేటుకు తెచ్చారు. పరిశోధన మీద దేశం పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఉంది. మంచి మార్పులూ ఉన్నాయి. 2025 జూన్‌లో పరికరాల కొనుగోలు నియమాలను ఆర్థికశాఖ సడలించింది. పరిశోధన గ్రాంట్లు ఇచ్చే కేంద్ర సంస్థ, పాత సెర్బ్‌ స్థానంలో అనుసంధాన్‌ ఫౌండేషన్‌ వచ్చింది. దాని గురించి నేను ఇప్పుడే తీర్పు చెప్పను, తూము దగ్గర ఎవరు ఉంటారో చూడాలి.

మీకు నేరుగా పనికొచ్చేది ఇండియా అలయన్స్‌. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్‌ కలిసి నడిపే జీవవైద్య ఫెలోషిప్‌లు ఇవి. 2025 అక్టోబరులో మూడో దశకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. మొత్తం 1,500 కోట్ల రూపాయలు, అందులో వెయ్యి మనది, 500 వెల్‌కమ్‌ది. విదేశాల్లో ఉన్నవారిని రప్పించేందుకు బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్‌ మరొకటి. ఇవి ఐదేళ్ళ జీతమూ, పరిశోధన ఖర్చూ ఇస్తాయి కానీ పర్మనెంటు ఉద్యోగం ఇవ్వవు. ఐదేళ్ళ తర్వాత అదే సంస్థ ఉంచుకుంటుందని నోటిమాటగా చెబితే నమ్మకండి, ఆ సంస్థలో ఇంతకుముందు ఇలా చేరినవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారో విచారించండి. ఇంకొకటి, సహాయ ఆచార్యుల ప్రకటనల్లో 35 ఏళ్ళు అన్న గీత తరచుగా కనిపిస్తుంది. స్త్రీలకు కొన్నిచోట్ల సడలింపు ఉంది. అయినా ‘మరో రెండేళ్ళు చూద్దాం’ అనుకునే వయసు కాదు మీది. కె99కు రాసే పేజీనే కొంచెం మార్చి ఇక్కడికీ పంపవచ్చు. రెండు చోట్లా ఒకేసారి ప్రయత్నించడం ద్రోహం కాదు.

ఇంటర్వ్యూ బోర్డుల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. ‘అక్కడి పరిస్థితులు బాగాలేవు సర్‌’ అని మొదలుపెట్టినవాళ్ళ ఫైలు మూతపడటం కళ్ళారా చూశాను. ‘నా రోగులు సోంపేటలో ఉన్నారు’ అని మొదలుపెట్టే అభ్యర్థి నాకు ఒక్కరూ ఎదురుపడలేదు.

కంపెనీ గురించి అడిగారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో రోజుల తేడాతో పోయారు. ఆయన హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినా శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. 1945లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూకు మందు. ఇంట్లో పుట్టిన ప్రశ్నను విశ్వవిద్యాలయం నుంచి కంపెనీకి మోసుకుపోయి అక్కడ తేల్చారాయన. కాబట్టి సైన్సు వదిలేసినట్టు కాదు. అయితే మీ ప్రశ్నను మోసుకుపోనిచ్చే కంపెనీ ఈరోజు దొరకడం కష్టం. హైదరాబాద్‌లో 2025లో ఆమ్‌జెన్‌, ఎలీ లిలీ పెద్ద కేంద్రాలు తెరిచాయి. వాటిలో ఎక్కువ భాగం డేటా, డిజిటల్‌ పనులు. ఇంటి అద్దె గడవడానికి చేరితే తప్పు లేదు, కానీ మూత్రపిండ కణాలు అక్కడ ఉంటాయనుకోకండి.

నాన్నగారికి చెప్పండి, ‘వచ్చెయ్యి’ అనడానికి ముందు ‘ఏ పని మీద వస్తావు?’ అని అడగమన్నానని.

చివరగా విశాఖ నమూనాలు. విదేశీ భాగస్వాములకు ఉపగ్రాంట్లు ఇచ్చే పాత పద్ధతిని ఆపేస్తున్నట్టు 2025 మేలో ఎన్‌ఐహెచ్‌ ప్రకటించింది, మీ వాటా అందులోనే పోయి ఉంటుంది. డబ్బు ఆగినా ఆ ఫ్రీజర్‌ ఆగలేదు కదా? దాని కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? తలుపు రబ్బరు పాడైతే ఎవరు మారుస్తారు? నైతిక సంఘం ఇచ్చిన అనుమతి గడువు ఎప్పటిదాకా ఉంది? అక్కడి డాక్టర్‌ గారికి ఈ రాత్రే ఫోన్‌ చేయండి. నమూనాల జాబితా పెట్టెల మూతల మీద మార్కర్‌తో మాత్రమే రాసి ఉంటే, ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి ఫైలులోకి ఎక్కించమనండి. స్పిరిట్‌ తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఆ అంకెలు చెరిగిపోతాయి.